ముదినేపల్లి కవరు, హంసలదీవి తాబేలు

తెల్లారకముందే ముదినేపల్లిలో బైకు తీశాం. గుడివాడ, పామర్రు, అవనిగడ్డ, కోడూరు దాటితే హంసలదీవి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. ఏటా జనవరి, మార్చి మధ్య దివిసీమ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో సుమారు వంద. మత్స్యకారుల సాయంతో అటవీ శాఖ వాటిని కంచెలో పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతుంది.

"పిల్లల్ని మేం వదుల్తాం, కవర్లు మీరు వదుల్తారు బాబూ" అన్నాడు వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన.

తేలే కవరును జెల్లీఫిష్ అనుకుని తాబేలు మింగేస్తుంది. పూజ పూలను కవరుతో సహా మా ఊరి కాలువలో వేసింది నేనే. ఆ నీళ్లూ చేరేది సముద్రానికే కదా!

ఆదివారం వంతెన దగ్గర కవర్లు ఏరుదామని వీధి గ్రూపులో పెట్టాను. ఆరుగురు వస్తామన్నారు.