తెల్లరాయి దాటని ట్రాక్టర్

గాజువాక ఆటోనగర్‌లో నేను ట్రాక్టర్ మెకానిక్‌ని. మాది పాడేరు పైన కొండల్లో చిన్న ఊరు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, పని వెతుక్కుంటూ ఘాట్ దిగి ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆటోనగర్ చూడని పిల్లల కోసం రెండు మాటలు చెబుతాను. విశాఖ పోర్టు నుంచి, స్టీలు ప్లాంటు నుంచి సరుకు మోసే లారీలు, ట్రైలర్లు చెడిపోతే బాగుపడడానికి వచ్చే చోటు ఇది. ఒకచోట లేత్ మిషన్లు, ఇంకోచోట స్ప్రింగు పట్టీలు, మరోచోట లారీలకి బాడీలు కట్టేవాళ్ళు. పొద్దున్నుంచి రాత్రి దాకా సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు. ఆ లారీల మధ్యే అప్పుడప్పుడు మా షెడ్డుకి ట్రాక్టర్లు వస్తుంటాయి.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఒక ట్రాక్టర్‌ని లారీ మీద కట్టి తెచ్చారు. మన ఏజెన్సీ నుంచే. 50 హెచ్‌పీ బండి, వెనక చక్రాలకి మాత్రమే శక్తి. కొండవాలులో బోల్తా పడింది. మడ్‌గార్డులు అట్టముక్కల్లా నలిగిపోయాయి. స్టీరింగ్ చక్రం వంగి సీటు మీదికి వచ్చేసింది. ఆ రెండింటి మధ్య మిగిలిన ఖాళీ జానెడు. నడిపిన కుర్రాడు ఎలా ఉన్నాడని అడిగాను. తెచ్చినవాళ్ళు నాకు జవాబు చెప్పలేదు. తలలు వంచుకుని తాళ్ళు విప్పుతూ ఉండిపోయారు.

ఆ వారమే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ట్రాక్టర్ కొందామే. 50 హెచ్‌పీ సెకండ్ హ్యాండ్‌ది ఒకటుంది. చవగ్గా ఇచ్చేస్తానంటన్నాడు. కాఫీ డబ్బులున్నాయి గదా."

"ముందొకసారి ఇక్కడికి రారా" అన్నాను.

వచ్చాడు. వాడికి నేనేమీ చెప్పకుండా ఆ బండి దగ్గరికి తీసుకెళ్ళాను. చాలాసేపు చూశాడు. స్టీరింగ్‌కీ సీటుకీ మధ్య చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అయితే మనం కొనకూడదేటన్నా? కిందోళ్ళకి ఉన్నట్టు మనకీ ఉండకూడదా?"

ఆ ప్రశ్న నాకు గుచ్చుకుంది. వాడి ఆశలో తప్పు లేదు. మా తాత గొడ్డలితో, పారతో పోడు చేశాడు. మా అయ్య ఎడ్లతో దున్నాడు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే ఆ భూమికి మా పేరున పట్టా వచ్చింది. సొంత భూమిలో సొంత యంత్రం కావాలని మూడో తరం అడిగితే వద్దనడానికి నేనెవరిని? కానీ మైదానంలో సరిపోయే బండి మన కొండకి సరిపోవాలని లేదు. "ఎంత పెద్దది కొందాం అని కాదురా, మన భూమి దేన్ని మోస్తుంది అని మొదలుపెడదాం" అన్నాను.

ఇటుకల పండగకి ఊరెళ్ళాను. పండగైన మర్నాడు ఇద్దరం పది అడుగుల వెదురుకర్ర, టేపు, సగం నీళ్ళు పోసిన సీసా పట్టుకుని పొలం మీద పడ్డాం. కర్ర ఒక కొనని నేల మీద ఆనించి, రెండో కొనని కొండ దిగువవైపు చాచి పట్టుకోవాలి. కర్ర మీద సీసా పడుకోబెట్టి, నీళ్ళు సమంగా నిలిచేదాకా కర్రని సర్దాలి. అప్పుడు కింది కొన నుంచి నేలకి ఎంత దూరముందో టేపుతో కొలవాలి. పది అడుగులకి ఒక అడుగు దిగితే 10 శాతం వాలు, రెండడుగులు దిగితే 20 శాతం.

మాది మొత్తం నాలుగున్నర ఎకరాలు. పసుపు, చోడి వేసే గరువు ఎకరమున్నర. అక్కడ ఒక అడుగు దిగింది. గెడ్డ పక్కన వరి వేసే పల్లం అరెకరం. అది మళ్ళు మళ్ళుగా చదునుగానే ఉంది గానీ ఒక మడి నుంచి ఇంకో మడికి దిగే చోట గట్టు ఎత్తు. వలిసెలు చల్లే పై చెక్క అరెకరం. అక్కడ కొలిస్తే నాలుగడుగులు! మిగతా రెండెకరాలు కాఫీ.

కాఫీ తోటలోకి వెళ్ళేసరికి అమ్మ నవ్వింది. "ఇందులోకి బండెందుకురా? ఇక్కడ దున్నుతామేటి?" నిజమే. కాఫీ వేళ్ళు పైపైనే ఉంటాయి, దున్నితే తెగుతాయి. మొక్కకీ మొక్కకీ ఆరడుగులు. కొమ్మలు సాగాక మనిషే ఒదిగి నడవాలి. పైన సిల్వర్ ఓకు, దానికి అల్లుకున్న మిరియం తీగ. అక్కడ కావలసింది కొడవలి, మహా అయితే భుజాన వేసుకునే గడ్డికోత మిషను. తొమ్మిదేళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న నాకు రాని ఆలోచన అమ్మకి అడుగుపెట్టగానే వచ్చింది. అంటే మా భూమిలో ట్రాక్టర్‌కి నిజంగా పనున్నది రెండెకరాలే. దానికి 50 హెచ్‌పీ ఎందుకు?

ఇప్పుడు చిన్న ట్రాక్టర్లు చాలా వస్తున్నాయి. మహీంద్రా జీవో 245, కుబోటా బి2441 లాంటివి 24 హెచ్‌పీ, నాలుగు చక్రాలకీ శక్తి ఉన్నవి. వెడల్పు సుమారు నాలుగడుగుల లోపే. ఇంకా చిన్నది కావాలంటే నడుస్తూ తోలే పవర్ టిల్లరు. వీఎస్‌టీ శక్తి 130 అయితే 13 హెచ్‌పీ. పల్లం ఒక్కటే ఉన్నవాళ్ళకి టిల్లరు చాలు. మాకు పసుపు, కాఫీ పళ్ళు, వంటచెరుకు మోసే పని కూడా ఉంది కాబట్టి చిన్న ట్రాక్టర్ వైపు మొగ్గాం. ఏ కంపెనీదో చెప్పను. మీ కొండ మీరు కొలుచుకుని మీరే ఎంచుకోవాలి. ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి మాత్రం షెడ్డులో విరిగిన బండ్లు నాకు నేర్పాయి. అవే చెబుతాను.

మొదటిది, నాలుగు చక్రాల శక్తి. ఎక్కడానికే అది కావాలనుకుంటారు. దిగడానికి ఇంకా ఎక్కువ అవసరం. దిగేటప్పుడు బరువంతా ముందుకి వచ్చేస్తుంది, వెనక చక్రాలు నేల మీద పట్టు వదిలేస్తాయి. నాలుగు చక్రాలూ కలిసి ఉంటే ముందు చక్రాలు కూడా ఇంజన్ పట్టుతో బండిని ఆపుతాయి. అందుకే దిగేటప్పుడు కూడా ఆ లీవరు వేసే ఉంచాలి. చిన్న గేరులో దిగాలి. మధ్యలో క్లచ్ తొక్కితే ఇంజన్ పట్టు పోయి బండి జారుతుంది. బ్రేకు పెడళ్ళు రెండూ కలిపి కొక్కెం వెయ్యాలి. విడివిడిగా ఉంటే ఒక చక్రమే ఆగి బండి పక్కకి తిరుగుతుంది.

రెండోది, బరువు ఎంత కింద ఉంది, చక్రాల మధ్య ఎంత ఎడముంది. ఎత్తుగా, ఇరుగ్గా ఉన్న బండి వాలులో అడ్డంగా నడిస్తే పడుతుంది. చిన్న ట్రాక్టర్ ఇరుకు సందుల్లో దూరుతుంది గానీ ఆ ఇరుకే దాని బలహీనత కూడా. చాలా బండ్లకి వెనక చక్రాల్ని తిప్పి బిగిస్తే ఎడం పెరుగుతుంది. టైర్లలో నీళ్ళు నింపితే బరువు కిందికి చేరుతుంది. మేం రెండూ చేశాం. అయినా పది అడుగులకి ఒకటిన్నర అడుగు దాటి దిగే చోట అడ్డంగా నడపకూడదని మా ఇంటి కట్టుబాటు పెట్టుకున్నాం.

మూడోది, సీటు వెనక ఇనుప కమాను. బండి తిరగబడితే మనిషి నలగకుండా ఆపేది అదే. స్వీడన్‌లో 1959లోనే కొత్త ట్రాక్టర్లకి అది ఉండితీరాలని చట్టం చేశారు, తర్వాత బోల్తా పడి చనిపోయేవాళ్ళు బాగా తగ్గిపోయారు. మన దగ్గర అది లేకుండా తిరిగే బండ్లే ఎక్కువ. చెట్ల మధ్య కొమ్మలకి తగలకుండా మడిచేవి కూడా దొరుకుతాయి, కానీ చెట్లు దాటగానే లేపి నిలబెట్టాలి. కమాను ఉంటే బెల్టు కూడా పెట్టుకోవాలి, లేకపోతే మనిషి ఎగిరి దాని కిందే పడతాడు.

తమ్ముడు అడిగాడు, "నువ్వే పైపులు వంచి వెల్డింగు చేసీవచ్చు గదన్నా, డబ్బులు మిగుల్తాయి." ఆటోనగర్‌లో వెల్డింగు చెయ్యలేనిది లేదు. అయినా ఇది నేను చెయ్యను. బండి బరువు మొత్తం ఒక్క దెబ్బగా పడితే నా అతుకు ఆగుతుందో లేదో నాకు తెలియదు. అది తెలుసుకోవడానికి మా తమ్ముణ్ణి కూర్చోబెట్టలేను. పరీక్ష చేసి కంపెనీ బిగించిందే కావాలి.

నాలుగోది, లాగుడు. సిల్వర్ ఓకు దుంగలో, పాత మొద్దులో లాగేటప్పుడు గొలుసు కిందనున్న డ్రాబార్‌కే కట్టాలి. పైన కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. రెండు సెకన్లు కూడా పట్టదు. దూకే టైము ఉండదు. ఇక ట్రాలీ. మన దగ్గర చాలా ట్రాలీలకి బ్రేకులుండవు. దిగుడులో సరుకు ట్రాక్టర్‌ని వెనక నుంచి తోస్తుంది. అందుకే చిన్న ట్రాలీ, సగం సరుకు. సంతకైనా పెళ్ళికైనా దాని మీద మనుషుల్ని ఎక్కించం. ఈ మాట మీద ఊళ్ళో మాకు కొంత చెడ్డపేరు వచ్చింది. ఫరవాలేదు.

ఐదోది, బాగుచేయించడం. కొనకముందే ఫిల్టర్లు, క్లచ్ ప్లేటు, ముందు చక్రాల సీళ్ళు ఎక్కడ దొరుకుతాయో అడగాలి. చోడవరంలోనో అనకాపల్లిలోనో దొరికితే ఒక రోజు పోతుంది. దొరక్కపోతే దుక్కి అదను పోతుంది.

ఆఖరిది డబ్బు. రెండెకరాల పని ట్రాక్టర్‌ని పోషించదు. ఈ లెక్క మేం రాత్రి కుంపటి దగ్గర చాలాసార్లు వేశాం. చివరికి ఐదు ఇళ్ళవాళ్ళం కలిశాం. అందులో రెండిళ్ళ తరఫున డబ్బు పెట్టింది పొదుపు సంఘంలో ఉన్న ఆడవాళ్ళే. అటవీ హక్కు పట్టా వారసులకి వస్తుంది గానీ అమ్మడానికీ ఇంకొకరికి రాసివ్వడానికీ వీల్లేదు. అది మన భూమికి కాపలా. అయితే అదే కారణంగా దాన్ని తాకట్టుగా చూపి అప్పు తేలేం. బండినే తాకట్టుగా పెట్టుకునే అప్పు తీసుకున్నాం. కాగితాలు అందరి ముందు మా బడి మాస్టారు గట్టిగా చదివి వినిపించాకే సంతకాలు పెట్టాం. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు గిరిజన రైతులకి 50 శాతం దాకా రాయితీ ఉంది. ఏ ఏడు ఏ యంత్రానికి ఇస్తున్నారో రైతు సేవా కేంద్రంలో అడిగి, ఆ తర్వాతే అడ్వాన్సు కట్టండి.

బండి వచ్చి ఏడాది దాటింది. అప్పు ఇంకా ఉంది. ఎవరి వంతు ముందన్న దగ్గర రెండుసార్లు మాటా మాటా పెరిగింది. గంటలు రాసే పుస్తకం పెట్టాక సర్దుకుంది. ఆ పుస్తకం మా చెల్లెలి దగ్గరుంటుంది.

ఎడ్లని అమ్మలేదు. వలిసెల చెక్క ఇప్పటికీ వాటిదే. తమ్ముడు వాలు కొలిచిన చోటల్లా రాళ్ళు పాతి సున్నం పూశాడు. తెల్లరాయి దాటితే ఎడ్ల పని, ఇవతల బండి పని. ఒకనాడు పొద్దు వాలాక, పని త్వరగా అవుతుందని పక్కింటి కుర్రాడు తెల్లరాయి దాటించబోతే, మా తమ్ముడే ఎదురెళ్ళి తాళం తీసేసుకున్నాడట. చవకబండి కోసం నాకు ఫోన్ చేసినవాడు వీడే.

ఆటోనగర్‌లో ఆ నలిగిన బండి బాగుపడింది. కొత్త మడ్‌గార్డులు, కొత్త స్టీరింగ్, ఎర్రగా మెరిసే రంగు. కమాను మాత్రం లేదు. యజమాని దాన్ని మళ్ళీ అమ్మకానికి పెట్టాడు. రంగు వేశాక చూసేవాళ్ళకి ఏమీ తెలియదు. చవగ్గా వస్తుందంటే ఏ ఊళ్ళోనో ఏ తమ్ముడో కొంటాడు.

అందుకే ఇది రాస్తున్నాను. మాస్టార్లకి ఒక మనవి. పదడుగుల కర్ర, నీళ్ళ సీసా, టేపు పెద్ద ఖర్చు కాదు. లెక్కల పాఠంలో శాతాలు చెప్పే రోజున పిల్లల్ని బడి వెనక కొండకి తీసుకెళ్ళి వాలు కొలిపించండి. రేపు వాళ్ళే బండి కొంటారు. అప్పటికి తమ కొండ వాలెంతో వాళ్ళకి తెలిసుండాలి.