అమ్మమ్మ గాజు, బర్మింగ్‌హామ్ బల్ల

అమ్మమ్మ గాజు విరిగిందని ఫోన్‌లో చెప్పగానే అమ్మ ముందు నన్ను కసిరింది. "పొద్దున్నే విరిగింది, పగిలింది అంటూ ఆ మాటలేమిటే! అతుకు ఊడిందని చెప్పు." ఆ తర్వాత మనందరి ఇళ్ళలోనూ వినబడే పరిష్కారమే చెప్పింది. "వచ్చే ఏడు వచ్చినప్పుడు ఆ జత మార్చేసి కొత్తవి తీసుకుందాం. కాస్త తరుగు పోతే పోయింది."

ఒక్కో గాజు కాసున్నర, అంటే 12 గ్రాములు. నా పెళ్ళిలో అమ్మ తన చేతులవి తీసి నాకు వేసింది. అమ్మకి అమ్మమ్మ అలాగే ఇచ్చిందట. అప్పట్లో కంసాలి ఇంటికే వచ్చి, అరుగు మీద కుంపటి పెట్టుకుని, ఊదుగొట్టంతో ఊదుతూ చేశాడని, చేసినంతసేపూ అమ్మమ్మ వత్తులు చేసుకునే మిషతో ఎదురుగానే కూర్చుందని చిన్నప్పటి నుంచి వింటున్న కథ. అలాంటి గాజుని కరిగించడానికి నాకు మనసొప్పలేదు.

మేముండేది సోలిహల్‌లో. ఇక్కడి నుంచి రైలెక్కితే అరగంటలోపే 'జ్యూయలరీ క్వార్టర్' స్టేషన్ వస్తుంది. బర్మింగ్‌హామ్‌లో నగలు చేసేవాళ్ళ పేట అది. ఈ ఊరికొచ్చి అయిదేళ్ళయినా ఎప్పుడూ అక్కడ దిగలేదు. బంగారమంటే ఇండియాలోనే అన్న లెక్క మనది.

స్టేషన్ బయటికి రాగానే వైజ్ స్ట్రీట్. వరసగా నగల కొట్లు, వాటి పైన ఎర్రిటుకల పాత కార్ఖానాలు. కాస్త నడిస్తే కూడలిలో ఆకుపచ్చ రంగు ఇనుప గడియార స్తంభం. జోసెఫ్ చాంబర్లేన్ దక్షిణాఫ్రికా వెళ్ళొచ్చిన గుర్తుగా 1903లో పెట్టారు. దగ్గర్లోనే కలం పాళీల మ్యూజియం. 19వ శతాబ్దంలో ప్రపంచం వాడిన ఉక్కు పాళీల్లో చాలా భాగం ఈ ఊళ్ళోనే తయారయ్యేవి. ఆ కార్ఖానాల్లో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

రెండు కొట్లలో అడిగితే, "22 క్యారెట్లా? మేము ముట్టుకోం" అన్నారు. ఇక్కడ 9, 18 క్యారెట్ల నగలే ఎక్కువ. మూడో కొట్టాయన ఒక చిరునామా రాసిచ్చాడు. ఇరుకు మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళితే, పెద్ద కిటికీలున్న చిన్న గది. యాభై దాటినావిడ ఒక్కతే కూర్చుని వెండి ఉంగరం ఆకురాయితో అరగదీస్తోంది. అదే ఆవిడ స్టూడియో. కంపెనీ, సిబ్బంది, సేల్స్ గర్ల్ అన్నీ ఆవిడే.

గాజుని భూతద్దంలో అటూ ఇటూ తిప్పి చూసి, "చేస్తాను, 70 పౌండ్లు" అంది.

నా నోరు ఊరుకోలేదు. "బంగారం నాదే కదా, 50కి చెయ్యరా?" అనేశాను.

ఆవిడ కోప్పడలేదు. "తగ్గించను. గురువారం ఈ పనే పెట్టుకుంటాను. తీరికుంటే వచ్చి కూర్చుని చూడు, బాబ్" అంది. ఈ ఊళ్ళో ఆడవాళ్ళని ముద్దుగా 'బాబ్' అంటారు. విన్నప్పుడల్లా నాకు మన 'బాబూ'నే గుర్తొచ్చి నవ్వొస్తుంది.

గురువారం పాపని స్కూల్లో దించి పదింటికల్లా వెళ్ళాను. నగల కళాకారిణి రోజంటే సుత్తి చప్పుడుతోనో మంటతోనో మొదలవుతుందనుకున్నాను. పదకొండున్నర దాకా ఆవిడ బల్ల దగ్గరికే వెళ్ళలేదు. ఉంగరం సైజు మూడోసారి మార్చిన ఒకామెకి జవాబు రాసింది. రెండు పార్సిళ్ళు కట్టింది. కొత్త లాకెట్‌ని తెల్ల కాగితం మీద పెట్టి, కిటికీ వెలుతురులో పదిహేను ఫొటోలు తీసి, ఒక్కటి ఉంచుకుంది. వెండి కొన్న బిల్లులు లెక్క చూసింది. వారంలో సగం రోజులు ఇలాగే పోతాయట. బుధవారం సాయంత్రాలు ఉంగరం చేయడం నేర్పే క్లాసు చెబుతుంది. "గది అద్దె కట్టేది ఆ క్లాసే" అని నవ్వింది.

తర్వాత అయిదు ఉంగరాలు ఒక కవర్లో పెట్టి అస్సే ఆఫీసుకి పంపడానికి కట్టింది. మన హాల్‌మార్క్ లాంటిదే ఇక్కడా. వెండి వస్తువు 7.78 గ్రాములు, బంగారం ఒక గ్రాము దాటితే ముద్ర లేకుండా వెండి అనో బంగారం అనో చెప్పి అమ్మకూడదు. ఇక్కడి అస్సే ఆఫీసు 1773లో వచ్చింది. జేమ్స్ వాట్‌తో కలిసి ఆవిరి యంత్రాలు చేసిన మాథ్యూ బౌల్టన్ పట్టుబట్టి సాధించాడు. అంతకు ముందు ముద్ర కోసం సరుకంతా చెస్టర్‌కో లండన్‌కో పంపాల్సి వచ్చేదట. సముద్రమే లేని ఈ ఊరి ముద్ర లంగరు! 'క్రౌన్ అండ్ యాంకర్' అనే సత్రంలో బొమ్మా బొరుసూ వేస్తే కిరీటం షెఫీల్డ్‌కీ, లంగరు బర్మింగ్‌హామ్‌కీ వచ్చాయని ఒక కథ చెబుతారు. ఆ ముద్రలో లంగరు, స్వచ్ఛత అంకెతో పాటు చేసినవాళ్ళ పేరు పొడి అక్షరాలు కూడా ఉంటాయి. ఆవిడ తన ఉంగరం ఒకటి భూతద్దం కింద పెట్టి లోపలి వైపు చూపించింది. గసగసాలంత అక్షరాలు, ఆవిడవే.

అప్పుడు బల్ల దగ్గరికి వెళ్ళాం. బల్ల అంచు అర్ధచంద్రాకారంలో కోసి ఉంది. కింద ఒళ్ళో జోలె కట్టినట్టు తోలు. రాలిన పొడి అంతా అందులో పడుతుంది. నేల ఊడ్చిన చెత్త కూడా పారెయ్యరు, శుద్ధి చేసేవాళ్ళకి అమ్ముతారు. మన బంగారు కొట్ల ముందు కాలవ మట్టి తీసి గిన్నెల్లో కడిగేవాళ్ళు గుర్తొచ్చారు.

పని మొదలు పెట్టే ముందు, "పాత అతుకులో కాడ్మియం ఉందా?" అని అడిగింది. మన కేడీఎం అనే మాట వచ్చింది ఆ కాడ్మియం నుంచే. వేడి చేస్తే వచ్చే దాని పొగ ఊపిరితిత్తులకి విషం. నగల్లో, అతుకు లోహంలో దాని వాడకాన్ని యూరప్‌లో 2011 చివర్లోనే కట్టడి చేశారు. ఈ గాజు కేడీఎం రోజుల కంటే పాతదని చెప్పినా, ఆవిడ పొగ లాగే ఫ్యాను వేసే మంట వెలిగించింది. అరుగు మీద కుంపటి ఊదినాయనకి ఏ ఫ్యానుంది?

పాత అతుకుని సన్నటి ఆకురాయితో గీకి శుభ్రం చేయడానికే ముప్పావుగంట పట్టింది. రెండు అంచులూ వెంట్రుక కూడా దూరనంతగా కలవాలి. తర్వాత తెల్లటి ముద్ద ఒకటి పూసింది. అది వెలిగారం. నేను బీయస్సీలో కెమిస్ట్రీ. వెలిగారం పూస పరీక్షలో కోబాల్ట్ నీలంగా మెరిసిన సంగతి పన్నెండేళ్ళ తర్వాత గుర్తొచ్చింది. అంచుల మీది ఆక్సైడుని కరిగించి, అతుకు పట్టేలా చేస్తుందది. గురిగింజలో పావు వంతు కూడా లేని బంగారపు అతుకు ముక్క పెట్టి, దీపాలు ఆర్పేసింది. ఎక్కువ వెలుతురులో లోహం రంగు తెలియదట. గాజంతా సమానంగా వేడెక్కి ఎర్రబారింది. ఒక్క క్షణంలో ఆ ముక్క నీళ్ళలా కరిగి, సందులోకి జారిపోయింది. ఇంకో రెండు సెకన్లు మంట ఉంచితే గాజే కరిగేది. నేను ఊపిరి బిగబట్టానని అప్పుడు తెలిసింది.

చల్లార్చి, గాజుని వెచ్చటి ఆమ్లంలో రాగి పట్టకారుతో వదిలింది. "ఉక్కు పట్టకారు పెడితే వెండంతా గులాబీ రంగుకి తిరిగిపోతుంది. క్లాసులో పిల్లలు ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేకపోతున్నాను" అంది. 92.5 శాతం వెండిలో మిగతాది రాగి కదా, ఆ రాగి కొంచెం కొంచెంగా ఆమ్లంలో కరుగుతుంది, ఇనుము తగిలితే తిరిగి లోహంగా పేరుకుంటుంది అని కాగితం మీద సమీకరణం రాసి చూపించాను. ఆవిడ ఆ కాగితం గోడకి అంటించింది. చాలా రోజుల తర్వాత నేను చదువుకున్న చదువు ఒకరికి పనికొచ్చింది.

మెరుగు పెట్టడం అయ్యేసరికి రెండు దాటింది. ఆవిడ మెడ పట్టేసి, తల వెనక్కి వాల్చి కూర్చుంది. బొటనవేళ్ళ చర్మం బీటలు. "నాకు నేను గంటకి ఎంత ఇచ్చుకుంటున్నానో లెక్కెయ్యడం ఈమధ్యే మొదలుపెట్టాను. అంతకు ముందు భయమేసేది" అంది. 70 పౌండ్లూ ఇచ్చాను. 50 అన్న నా మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. మనం బంగారాన్ని మిల్లీగ్రాములతో సహా తూస్తాం. మజూరీ దగ్గరకొచ్చేసరికి బేరం. చేసినాయన ఎంతసేపు వంగి కూర్చున్నాడో ఎవరమూ లెక్క రాయం. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంటిపని చేసి, "ఏం చేస్తున్నావు?" అంటే "ఖాళీగానే ఉన్నా" అనే నాకు ఆ లెక్క తెలియదనడానికి లేదు.

వెళ్ళేదారిలో వైజ్ స్ట్రీట్‌లోనే ఉన్న నగల మ్యూజియంలోకి వెళ్ళాను. స్మిత్ అండ్ పెప్పర్ అనే కుటుంబ కార్ఖానా అది. 1899లో మొదలై, 1981లో మూతపడింది. పనిముట్లు, టీ కప్పులతో సహా ఎక్కడివక్కడే వదిలి వెళ్ళారు. ఖాళీ బల్లల కింద వేలాడుతున్న ఆ తోళ్ళ ముందు చాలాసేపు నిలబడ్డాను.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను.

"ఎంత తీసుకుంది?"

చెప్పాను.

"అమ్మో! పోనీ, ఎదురుగా కూర్చుని చేయించావా?"

"కూర్చున్నానమ్మా. నాలుగ్గంటలు."

"మీ అమ్మమ్మ పోలికే."

"అమ్మా, ఆ గాజులు చేసినాయన పేరేమిటి?"

అవతల కాసేపు మాట లేదు. తాతయ్య డైరీలో బంగారం ఎత్తు, కొన్న ధర, మజూరీ అన్నీ ఉన్నాయట. పేరు మాత్రం లేదు. మావయ్యనడిగి చెబుతానంది. రెండు రోజులకి ఫోన్ చేసింది. మావయ్యకి వాళ్ళ ఇల్లు గుర్తుంది, ఇంటి ముందు బావి గుర్తుంది, ఆయన దగ్గు గుర్తుంది. పేరు గుర్తులేదు.

గాజుల పెట్టెలో ఒక కాగితం పెట్టాను. బర్మింగ్‌హామ్‌లో అతుకు వేసినావిడ పేరు, తారీఖు, పట్టిన గంటలు రాశాను. ఆ పైన ఒక వరస ఖాళీగా వదిలాను. అమ్మ ఇంకా ఊళ్ళోవాళ్ళని అడుగుతూనే ఉంది.