పనిదొంగ, కామ్‌చోర్, పాముల రాజు

లాడ్ బజార్‌కి గాజుల కోసం వెళ్తారు కదా, ఈసారి చెవులు కూడా కాస్త అప్పగించండి. చార్మినార్ నుంచి మహబూబ్ చౌక్ దాకా ఉర్దూ, దక్కనీ, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. బేరాల మధ్యలో తిట్లూ దొర్లుతాయి. ఒళ్లు వంచనివాడి కోసం పుట్టిన తిట్లంటే నాకు మహా ఇష్టం.

ఉర్దూలో కామ్‌చోర్ అంటారు, మనం పనిదొంగ అంటాం. రెండు భాషలూ ఒకే నేరం మోపాయి చూశారా! సోమరి అంటే వాడి స్వభావం. దొంగ అన్నామంటే సొమ్ము పోయినవాళ్లు ఎవరో ఉన్నారు. వాడు వదిలేసిన పనిని పక్కవాడు మోస్తాడే, అతనన్నమాట. ఆ కడుపుమంటంతా ఒక్క మాటలో ఉంది.

అహదీ అని ఇంకో మాట ఉంది. అక్బరు కొలువులో అహదీలు ఏ సర్దారు కిందా కాక నేరుగా పాదుషాకే జవాబు చెప్పే సైనికులు. పిలుపొస్తేనే పని, లేకుంటే ఇంటిపట్టునే. పోనుపోను ఆ పేరే ఉర్దూ, హిందీల్లో బద్ధకస్తుడికి స్థిరపడిపోయింది. కత్తి పట్టినవాళ్లకు ఇది అన్యాయమే అంటాను.

హాంకాంగ్‌లో కాంటనీస్ మాట్లాడేవాళ్లు పని ఎగ్గొట్టేవాణ్ని ‘సే వాంగ్’ అంటారు. పాముల రాజు! మన సోమరిపోతులో పోతు ఉన్నట్టే, అక్కడ పాము.

ఎటొచ్చీ, కూర్చున్నవాణ్ని చూస్తే చాలు మన నోరు ఊరుకోదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటాం. మరి లక్కగాజు చేసేవాళ్లు? వాళ్ల పనంతా కూర్చునే. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు పొదగాలి. చల్లారితే లక్క గట్టిపడుతుంది, రాయి కూరుకోదు. పాతబస్తీ గల్లీల్లో ఎందరో ఆడవాళ్లు ఇళ్లలోనే ఈ పొదుగుడు పని చేస్తారు. 2024లో హైదరాబాద్ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అది ఆ చేతుల చలవే.

అందుకే చెప్తున్నా, మధ్యాహ్నం పూట వాళ్లలో ఎవరైనా గోడకు చేరబడి కనిపిస్తే పై మాటల్లో ఒక్కటీ నోట రానీయకండి. పొద్దుటి నుంచి నిప్పు ముందున్న ఒంటికి ఆ కాసేపు కావాలి.