రామగుండం... ఇనుము పండించే పంట!

మంచిర్యాల వైపు నుంచి గోదావరి వంతెన దాటితే గోదావరిఖని. ఆ పక్కనే రామగుండం. ఒకప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పుడు పెద్దపల్లి. నదికి అవతల పాత ఆదిలాబాద్ పత్తి చేలు. ఆ చేలు అడిగే యూరియా తయారయ్యేది ఇక్కడే.

గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజనే. అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఆ ముడి విప్పేది ఇనుప గుళికలు! బాగా వేడిగా, ఒత్తిడితో ఉన్న నత్రజని, హైడ్రోజన్ వాటి మీదుగా పారితే అమ్మోనియా పుడుతుంది. ఒక్క విడతలో మారేది కొంతే. మిగిలిన వాయువును మళ్లీ మళ్లీ తిప్పుతారు. ఇనుము మాత్రం ఖర్చయిపోదు. అదే ఉత్ప్రేరకం మహిమ. కాస్త గంధకం సోకినా చాలు, దాని సత్తువ పోతుంది. అమ్మోనియాకు బొగ్గుపులుసు వాయువు తోడైతే యూరియా సిద్ధం.

1980లో ఇక్కడ బొగ్గుతో మొదలైన కర్మాగారం 1999లో మూతపడింది. అదే చోట సహజవాయువుతో కొత్తది 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. సామర్థ్యం రోజుకు 3,850 టన్నులు.

ఈ ప్రవాహం ఆగితే ఏమవుతుంది? 2025 వానాకాలంలో కర్మాగారం కొన్నాళ్లు ఆగింది. అదే సీజన్లో తెలంగాణ రైతులు యూరియా బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి ఎదురుచూశారు. గుళికల మీద వాయువు పారుతుంటేనే చేను పచ్చన!