ముక్తి సదనములో నొక దినము

సికింద్రాబాదునుండి పుణెకు పోవు రైలుమార్గమున షోలాపురము, దౌండు దాటిన పిమ్మట కేడ్గావ్ అను చిన్న స్టేషను వచ్చును. వేగముగా పోవు బండ్లు పెక్కులు అచట నాగవు. ఆ దారిని పలుమారులు పోయియు మేము దాని పేరైనను చదివి యెరుగము. ఈమారు దౌండులో దిగి, పాసింజరుబండి యెక్కి, పనిగట్టుకొని యచటికి పోయితిమి. ముప్పది యేండ్లు కాపురమున్న యింటిని విడిచి, పుణెలోని కుమారుని యింట నుండుటకై మే మిరువురమును బయలుదేరిన ప్రయాణమది. సామాను లారీలో ముందే పోయెను; మనస్సు మాత్రము వెనుకనే నిలిచియుండెను. మా సంఘములోని యొక పెద్దమ్మగారు, “దారిలో రమాబాయిగారి ముక్తి సదనమును చూచి పొండు. ఇల్లు మారుట యన నేమో యామె నడుగుడు” అని చెప్పియుండిరి.

స్టేషను వెలుపల నల్లరేగడి నేల, చెరకుతోటలు, దుమ్ము రేగు బాట. సదనపు టావరణమున నడుగిడినతోడనే చెట్లనీడ మమ్ము చల్లగా నాదరించెను. అనుమతి వేడగా నొక వృద్ధ సోదరి వెంట వచ్చి యన్నియు చూపిరి. ఆమె మరాఠీయు, మా వచ్చీరాని హిందీయు నొకదానినొకటి ఎట్లో యందుకొనెను. ఈ భూమిని మొదట పండ్లతోట వేయుటకై కొనిరట. దాని ఫలసాయముతో పుణెలోని వితంతు విద్యాలయమును పోషింపవలయునని రమాబాయి తలంపు. తోటకై కొన్న నేలలో మనుష్యులు నాటబడుదురని యామె యప్పుడెరుగదు.

ఆమె 1858లో కన్నడదేశపు గంగామూల యడవిలో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి భార్యకు సంస్కృతము నేర్పి బంధువుల యాగ్రహమునకు గురియై యడవి చేరిన పండితుడు. తల్లి లక్ష్మీబాయి తెల్లవారకముందే కుమార్తెను లేపి శ్లోకములు నేర్పెడిది. పండ్రెండేండ్లకే భాగవతములోని 18,000 శ్లోకములు రమాబాయికి కంఠస్థములు. ఆ కుటుంబమునకు స్థిరమైన యిల్లు లేదు. క్షేత్రమునుండి క్షేత్రమునకు పురాణము చెప్పుచు తిరుగుటయే వారి జీవనము.

ఇచట మన తెలుగునేల కథలోనికి వచ్చును. కరవుకాలమున చేతిలోని ధాన్యము తుదిగింజవరకు నయిపోగా, ఆ కుటుంబము చావునకు సిద్ధపడి తిరుపతి యడవిని ప్రవేశించెను. పదునొకండు దినములు ఆకులు, నీరు, గుప్పెడు అడవి ఈతపండ్లు వారి యాహారము. 1874లో తండ్రియు, ఆ వెనుకనే తల్లియు, అక్కయు మరణించిరి. మేము తిరుపతికి ఎన్నిమారులు పోలేదు! ఆ కొండల నీడలో నొక పదునారేండ్ల పిల్ల యట్లు ఆకలితో నడచెనని మా కెవరును చెప్పలేదు.

మిగిలిన యన్నతో కాలినడకను దేశమెల్ల తిరిగి యామె 1878లో కలకత్తా చేరెను. అచటి పండితులు పరీక్షించి ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదముల నొసగిరి. అన్నయు మరణించెను. వంగదేశీయుడైన న్యాయవాది నొకనిని కులభేదము పాటింపక వివాహమాడి, రెండేండ్లు నిండకముందే, 1882లో పసిబిడ్డతో వితంతువయ్యెను. ఆ కొద్దిపాటి కాపురమునందే భర్త పుస్తకములలో వంగభాషలోని లూకా సువార్త చిన్నపుస్తక మొకటి యామె కంటబడెను. దుఃఖమునకు ముందే దేవుడు దారిబత్తెము కట్టి యుంచినట్లు మాకు తోచినది.

1883లో వైద్యవిద్యకై ఇంగ్లండు చేరగా చెవుడు అడ్డమై యా యాశయు తెగెను. కాని లండనులో, దారితప్పిన స్త్రీలను క్రైస్తవ సోదరీమణులు చేరదీయు చోటు నామె చూచెను. ఇట్టివారియెడల నింత కరుణ యెట్లు కలిగెనని యడుగగా, వారు యోహాను సువార్తలోని సమరయ స్త్రీ కథను వినిపించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన వాంటేజిలో తల్లియు బిడ్డయు బాప్తిస్మము పొందిరి. మతము మారినను నామె తనవారికి పరాయిది కాలేదు. చీర విడువలేదు, శాకాహారము నామరణాంతము మానలేదు. తనకు నమ్మిక కలుగని మాటను గురువులు చెప్పినంతమాత్రమున నంగీకరింపలేదు.

సోదరీమణులారా, మమ్ము నిలిపిన సంగతి దీని తరువాతిది. బాప్తిస్మము పొందిన యెనిమిదేండ్లకు, అనగా 1891 ప్రాంతమున, తనకు క్రైస్తవమతము దొరకినది గాని క్రీస్తు దొరకలేదని యామె గ్రహించెనట. తానే వ్రాసిన సాక్ష్యములో దీనిని దాపరికము లేక చెప్పుకొనెను. అప్పటికామె గ్రంథకర్త్రి, రెండు ఖండములలో ప్రసిద్ధురాలు, 1889లో బొంబాయిలో శారదా సదనమును తెరచి వితంతువులకు చదువు చెప్పుచున్నది. అంత చేసియు లోపల నింకను మారవలసినది గలదని యొప్పుకొనుట యెంత కష్టము! ఊరు మారుట యొకదినపు పని. మనస్సు మారుటకు యెనిమిదేండ్లు పట్టెను.

1893లో, బాలిక లామె ప్రార్థనలకు వచ్చుచున్నారని యలజడి పుట్టి, సలహాసంఘమువారు తప్పుకొనిరి. పలువురు తమ పిల్లలను తీసికొనిపోయిరి. 1896లో మధ్యపరగణాలలో కరవు వచ్చెను. తిరుపతి యడవిని మరువని యామె స్వయముగా పోయి యాకలిగొన్న బాలికలను వెంట తెచ్చెను. పుణెలో మహామారి కారణముగా అంతమంది నుండనీయరాదని యధికారులు శాసింపగా, వారి నందరిని పండ్లతోటకు తరలించెను. తలుపు మూయబడుటచేతనే ముక్తి సదనము వెలసినది. 1900 నాటికి 1,500 మంది యిచట నుండిరి. నేత, నూనెగానుగ, పాడి, సేద్యము, ముద్రణము అన్నియు స్త్రీలే నేర్చి చేసిరి.

కరవు మంచిదని, వైధవ్యము వరమని మేము చెప్పజాలము. ఆమెయు నట్లనలేదు. వచ్చిన ప్రతి మార్పునందును, ఇప్పుడు నాచేత దేవుడు చేయింపగోరునది యేమని యడిగి, ఆ పనికి చేయి చాచెను. ఆమె యెదుగుదల యంతయు నీ ప్రశ్నలోనే యున్నట్లు మాకు తోచినది.

కడవయసున హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, పల్లెస్త్రీలకు తెలియు మరాఠీలో బైబిలును తర్జుమా చేసెను. తన పిమ్మట సదనమును నడుపుననుకొన్న కుమార్తె మనోరమ 1921లో తల్లికి ముందే గతించెను. ఏడాది తిరుగకముందే, 1922 ఏప్రిలు 5వ తేదీన రమాబాయియు కన్నుమూసెను. సదనపు స్త్రీలు కూర్చి ముద్రించిన యా బైబిలు 1924లో వెలువడెను.

సాయంకాలము దేవాలయములో స్త్రీలు మరాఠీలో పాడుచుండగా వెనుక వరుసలో కూర్చుంటిమి. పదము లర్థము కాకున్నను మనసు కుదుటపడెను. సమరయ స్త్రీ కథ తలంపునకు వచ్చినది. నీటికై వచ్చిన యామె కుండను బావికడనే విడిచి యూరిలోనికి పరుగిడినది గదా! ఇన్నాళ్లును చదువుచు కుండ సంగతిని మేము గమనింపలేదు.

బయలుదేరు ముందురోజున అత్తగారి కాలమునాటి యిత్తడిబిందెను పొరుగింటి కోడలికిచ్చి, దారిపొడుగున దానికై చింతించుచు వచ్చితిమి. రాత్రి బండిలో పుణె సమీపించుచుండగా మా వారు, “కొత్త యింట మొదట చేయవలసిన దేమి?” అని యడిగిరి. “ఇరుగుపొరుగున నెవరున్నారో కనుగొందము” అంటిమి. బిందె మాట మరల రాలేదు.