ఎత్తు మడమల గోల

మా అమ్మాయి ఎడింబరోలో కాపురం పెట్టి తొమ్మిదేళ్ళయింది. రమ్మని పోరగా పోరగా కిందటి వేసవిలో నేనూ మావారూ వెళ్ళి రెండు నెలలుండి వచ్చాం. అక్కడి కోట గురించీ, కొండల గురించీ, ఎండాకాలంలో కూడా వదలని చలి గురించీ నేను కొత్తగా రాసేదేం లేదు. వెళ్ళొచ్చినవాళ్ళంతా రాశారు. వెళ్ళనివాళ్ళు కూడా రాశారు. నేను చెప్పబోయేది బూట్ల సంగతి.

మా మనవరాలికి పదకొండో ఏడు. స్కూల్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతుంది. మూడు నెలలకోసారి దాని పాదం పెరగడమూ, వాళ్ళమ్మ సణుక్కుంటూ కొత్త బూట్లు కొనడమూ మామూలేనట. ఆ శనివారం నేనూ వెంట వెళ్ళాను. బూటు తిరగేసి చూస్తే అడుగున పనసకాయకున్నట్టు బొడిపెలు!

"ఇవేమిటే, ఇలా ముళ్ళున్నాయి?" అన్నాను.

"అవి లేకపోతే గడ్డిలో జారిపడతాం అమ్మమ్మా" అంది అది, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

ఇంటికొచ్చాక ఈ మాట చెబితే మా అల్లుడుగారు నవ్వి, "అత్తయ్యగారూ, ఆడవాళ్ళు మొట్టమొదట రెండు దేశాల పేర్లు పెట్టుకుని ఫుట్‌బాల్ ఆడింది ఈ ఊళ్ళోనే. అప్పుడు వాళ్ళు వేసుకున్నవి హైహీల్స్" అన్నారు.

నేను నమ్మలేదు. అల్లుళ్ళు అత్తగార్లని ఆట పట్టించడం ఏ దేశంలో ఉన్నా మానరు కదా! కానీ ఆయన ఆనాటి పేపరు వార్త తీసి చూపించారు. 1881 మే నెల 7వ తారీకు, శనివారం. ఈస్టర్ రోడ్డులో హిబర్నియన్ క్లబ్బువాళ్ళ మైదానం. స్కాట్లాండు ఆడపిల్లలకీ ఇంగ్లండు ఆడపిల్లలకీ ఆట. గ్లాస్గో హెరాల్డ్ పత్రిక రాసింది.

ఈలోగా మావారు కలగజేసుకుని, "మొదటి ఇంటర్నేషనల్ 1872లో గ్లాస్గోలో జరిగిందోయ్. నాకు తెలుసు" అన్నారు. ఆయనకి తెలియనిది ఉండదు లెండి. నిజమే, మగవాళ్ళది అదే మొదటిది. 1872 నవంబరు 30న గ్లాస్గో పక్కన పార్టిక్‌లో ఒక క్రికెట్ క్లబ్బు మైదానంలో ఆడారు. గోలుకి పైన అడ్డకర్ర బదులు టేపు కట్టేవారట అప్పట్లో. నాలుగు వేలమంది జనం. స్కాట్లాండు పదకొండుమందీ ఒక్క క్లబ్బువాళ్ళే, క్వీన్స్ పార్క్ వాళ్ళు. ఇంతా చేసి ఇరవై రెండుమంది మహానుభావులు గంటన్నర పరిగెత్తి ఒక్క గోలు కూడా వెయ్యలేదు. సున్నాకి సున్నా! అయినా ప్రతి పుస్తకంలోనూ ఆ ఆటకే పీట.

"మరి మా వాళ్ళు మూడు వేశారు" అన్నాను. అప్పటికే వాళ్ళు మా వాళ్ళయిపోయారు నాకు.

అవును, స్కాట్లాండు ఆడపిల్లలు మూడు గోల్సు వేశారు. ఇంగ్లండువాళ్ళకి ఒక్కటీ రాలేదు. మొదటి సగంలో ఎదురుగాలికి ఆడుతూ కూడా ఒకటి, తరవాత రెండు. మొదటి గోలు లిలీ సెయింట్ క్లేర్ అనే అమ్మాయి వేసిందంటారు. వెయ్యిమందికి పైగా చూశారు. ఆటగత్తెలకి పద్దెనిమిది నుంచి ఇరవైనాలుగేళ్ళ మధ్య ఉంటాయని విలేఖరి కళ్ళతోనే అంచనా కట్టేశాడు.

ఇక బట్టల వర్ణన చూడాలీ! పెళ్ళికూతురి చీర గురించి మనం చెప్పుకున్నంత వివరంగా రాశాడు. స్కాట్లాండు పిల్లలకి నీలం జెర్సీలు, మోకాళ్ళ దాకా తెల్లని వదులు లాగులు, ఎర్ర మేజోళ్ళు, ఎర్ర నడికట్టు, తలకి నీలం తెలుపు టోపీ. ఇంగ్లండు పిల్లలకి నీలం తెలుపు జెర్సీలు, నీలం మేజోళ్ళు, ఎరుపు తెలుపు టోపీలు. రెండు జట్లకీ ఎత్తు మడమల బూట్లు. ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పి, ఆట మాత్రం ఆటగాడి దృష్టితో చూస్తే విఫలమని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కొందరికి మాత్రం ఆట గురించి కాస్త అవగాహన ఉందని ఒప్పుకున్నాడు పాపం. గోలు ఎలా పడింది, బంతి ఎవరు అందించారు, ఎవరు అడ్డుపడ్డారు అన్నది ఆ వార్తలో వెతికినా దొరకలేదు. టోపీ రంగు మాత్రం నూట నలభై ఏళ్ళు దాటినా నాకు తెలిసింది!

ఎత్తు మడమలతో ఎవరైనా పరిగెత్తారా ఎప్పుడైనా? మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో నేనొకసారి అలాంటి చెప్పులతో విడిదింటి నుంచి మండపం దాకా గబగబా నడిచాను. నాలుగు రోజులు కాపడం పెట్టుకున్నాను. ఈ పిల్లలు పచ్చిగడ్డి మీద, గాలిలో, బంతిని తన్నుకుంటూ పరిగెత్తారు. ఆ రోజుల్లో అక్కడి ఆడవాళ్ళకి నడుం బిగించే కోర్సెట్టూ, నేల ఊడ్చే పావడాలూ తప్పవు. అలాంటిది లాగులు తొడుక్కుని వెయ్యిమంది ముందుకి రావడమంటే మాటలా?

తొమ్మిది రోజుల తరవాత, మే 16న, మళ్ళీ గ్లాస్గోలో ఆట పెట్టారు. ఊరి చివర షాఫీల్డ్ అనే మైదానంలో, సోమవారం సాయంత్రం. ఈసారి అయిదు వేలమంది వచ్చారట. మొదట్లో బాగానే ఉన్నా, కాసేపటికి కొందరు రౌడీలు తాడు దాటి లోపలికి దూరారు. వాళ్ళ వెనకాల వందలమంది. పిల్లల్ని తోసి, లాగి, నానా అల్లరీ చేశారు. వాళ్ళు పరిగెత్తుకుంటూ వెళ్ళి, తమని తీసుకొచ్చిన గుర్రపు బస్సులో తలదాచుకున్నారు. జనం ఊరుకుంటేనా! కంచెకి పాతిన గుంజలు పీకి బస్సు మీదికి విసిరారు. పోలీసులు లేకపోతే ఏమయ్యేదో! నాలుగు బూడిదరంగు గుర్రాలు ఆ బండిని ఈలల మధ్య, కేకల మధ్య లాక్కుపోయాయి.

ఈ వార్త రాసిన విలేఖరి మాత్రం నాకు నచ్చాడు. ఆట నాసిగా ఉందంటూనే, మొదట్లో మన మగవాళ్ళ ఆట కూడా ఇంతకంటె గొప్పగా ఏం ఉండేది కాదులే అన్నట్టు ఒక మాట రాశాడు. అయితే గ్లాస్గోలో ఇదే మొదటిదీ, ఇదే ఆఖరిదీ కావచ్చని కూడా జోస్యం చెప్పాడు.

నేననుకున్నాను, ఇంత జరిగాక ఆ పిల్లలు ఇంటికెళ్ళి తలుపులు వేసుకుని ఉంటారని. వేసుకోలేదండీ! అదే నెలలో ఇంగ్లండు వెళ్ళి బ్లాక్‌బర్న్‌లో ఆడారు. జూన్‌లో మాంచెస్టర్‌లో ఆడారు. అక్కడా జనం మైదానం మీద పడి ఆట ఆపేశారు. కొన్నాళ్ళకి వాళ్ళ జాడ లేకుండా పోయింది.

జాడ లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పేపర్లో పడ్డ ఆ పేర్లు చాలామటుకు అసలు పేర్లు కావంటారు పరిశోధన చేసినవాళ్ళు. ఈ ఆటలు ఏర్పాటు చేసినవాళ్ళకి నాటక కంపెనీలతో సంబంధం ఉందట. పిల్లల్లో కొందరు వేషాలు కట్టేవాళ్ళే కావచ్చు. లిలీ సెయింట్ క్లేర్! ఆ పేరు చూస్తేనే తెలుస్తోంది, ఏ తల్లీ పురిట్లో పెట్టిన పేరు కాదని. ఆ అమ్మాయి అసలు పేరు ఏ మేరీయో, ఏ జానెట్టో! ఇంట్లో తెలిస్తే ఏమంటారో అని పేరు మార్చుకుందో, అసలు ఇంట్లో ఎవరూ లేకే వచ్చిందో!

ఇక్కడికొచ్చేసరికి నాకు గుండెలో కలుక్కుమంది. ఎందుకో చెబుతాను.

నేను తొమ్మిదో క్లాసు చదువుతున్నప్పుడు, 1967లో, మా స్కూలుకీ పక్క ఊరి స్కూలుకీ ఆటల పోటీలు పెట్టారు. వంద గజాల పరుగులో నన్ను మించినవాళ్ళు లేరు. కోతలు కొయ్యడం లేదు, నిజమే చెబుతున్నాను. కానీ మా మామ్మ ససేమిరా ఒప్పుకోలేదు. "ఓణీ వేసుకున్న పిల్ల నలుగురి ముందూ పరిగెత్తితే సంబంధాలెలా వస్తాయి?" అంది. నాన్న మామ్మ మాట జవదాటరు. అమ్మ ఏ మాటా అనదు. అప్పుడు నా పక్క బెంచీ స్నేహితురాలు ఉపాయం చెప్పింది. దాని పేరు జాబితాలో ఉంది కానీ దానికి పరుగంటే ఆయాసం. "నా పేరుతో నువ్వు పరిగెత్తవే" అంది. డ్రిల్లు టీచరుగారికి తెలుసు. తెలియనట్టు అటు తిరిగి నిలబడ్డారు.

పరికిణీ ఎగదోపి పరిగెత్తాను. ఫస్టొచ్చాను. మైకులో దాని పేరు చదివారు. సర్టిఫికెట్టు మీద దాని పేరు రాసి ఇచ్చారు, ఒక స్టీలు గ్లాసు కూడా. రెండూ అదే పట్టుకెళ్ళింది. నేను పట్టుకెళితే ఇంట్లో ఏమని చెప్పను? ప్రహరీ గోడ మీద కూచుని ఈలలేసిన కుర్రాళ్ళ గురించి తరవాత పెద్ద గొడవయింది. మరుసటేడు ఆడపిల్లలకి పరుగు తీసేసి మ్యూజికల్ చెయిర్స్ పెట్టారు. కుర్రాళ్ళని గోడ దింపడం కంటె అదే తేలికనుకున్నారు కాబోలు!

మూడో రోజు నేను పట్టుబట్టి ఈస్టర్ రోడ్డుకి వెళ్ళాను. మావారూ, మనవరాలూ తోడు. ఆకుపచ్చ రంగు వేసిన పెద్ద స్టేడియం. ఎదురుగా నిలబడి మనసులో దణ్ణం పెట్టుకుని, ఫొటో కూడా తీయించుకున్నాను. సాయంత్రం అల్లుడుగారు ఫొటో చూసి నెమ్మదిగా చెప్పారు, హిబర్నియన్‌వాళ్ళు ఈ మైదానానికి వచ్చింది 1893లోనట. 1881లో ఆడిన మైదానం అక్కడికి దగ్గరలోనే ఉండేదిగానీ, ఇది కాదట! మావారు నవ్విన నవ్వుకి మూడు వీధులు వినబడి ఉంటుంది. పోనిద్దురూ, దణ్ణానికి పక్కవీధి అయితేనేం!

ఆ రాత్రి మనవరాలు నా పక్కలో చేరి, "మరి ఆ మ్యాచ్‌ని అఫీషియల్ అంటారా?" అని అడిగింది. అనరు. 1921 డిసెంబరులో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘంవాళ్ళు ఈ ఆట ఆడవాళ్ళకి తగదని తీర్మానించి, తమ క్లబ్బుల మైదానాల్లో వాళ్ళని అడుగుపెట్టనివ్వద్దన్నారు. దానికి ముందటేడే క్రిస్మస్ మర్నాడు లివర్‌పూల్‌లో ఆడవాళ్ళ ఆటకి యాభైమూడు వేలమంది వచ్చారు మరి! జనం రాక ఆపలేదని తెలుస్తూనే ఉంది కదా. ఆ నిషేధం యాభై ఏళ్ళ దాకా ఎత్తలేదు. ఇంగ్లండు, స్కాట్లాండు ఆడవాళ్ళ మధ్య అధికారికంగా మొదటి ఆట అని లెక్కలోకి తీసుకునేది 1972 నవంబరు 18న గ్రీనాక్‌లో జరిగింది. ఇంగ్లండు మూడు, స్కాట్లాండు రెండు.

"అయితే లిలీ గోలు లెక్కలో లేదా?" అంది అది. దానికి కోపమొచ్చింది. కాసేపాగి, "నువ్వేం ఆడేదానివి అమ్మమ్మా?" అంది.

చెప్పాను. మా అమ్మాయికి కూడా ఇంతవరకూ చెప్పని సంగతి. అది అంతా విని, లేచి కూచుని, "మరి సర్టిఫికెట్టు నీది కదా, తెచ్చుకోవా?" అంది.

ఇండియా వచ్చిన వారానికి మా స్నేహితురాలికి ఫోన్ చేశాను. రాజమండ్రిలో ఉంటోంది. మోకాళ్ళ నొప్పులూ, కోడళ్ళూ అన్నీ అయ్యాక మెల్లగా అడిగాను, ఆ సర్టిఫికెట్టు ఉందా అని.

"ఉండకేం! మా పెద్దాడు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. మా మనవలందరికీ నేను పరుగులో ఫస్టు" అని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, ఒక్కసారి ఆగిపోయింది. "ఏమే, నిజం చెప్పెయ్యమంటావా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అవతల దాని మనవడెవడో బామ్మా బామ్మా అని పిలుస్తున్నాడు.

"వద్దులే" అన్నాను. "అవునూ, ఆ స్టీలు గ్లాసేమయింది?"

"అదా! ఇప్పటికీ దాంతోనే బియ్యం కొలుస్తున్నానే" అంది.