ఇదం న మమ – హోమాగ్ని నేర్పే పాఠం

పాల్వంచ ప్రాంతంలో గణపతి హోమమో, నవగ్రహ హోమమో, చండీ హోమమో సంకల్పించిన గృహస్థు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది: "దీనివలన నాకు కలిగే ఫలమేమి?" ఈ ప్రశ్న దోషం కాదు. కామ్యకర్మలను శాస్త్రమే విధించింది. అయితే ఆహుతి సమర్పించిన వెంటనే యజమాని పలుకవలసిన మాట "ఇదం న మమ" – ఇది నాది కాదు. "నాకేమి?" అంటూ పీటపై కూర్చున్నవాని నోట "నాది కాదు" అని పలికించడమే హోమం చేసే ప్రథమోపకారం.

యాగానికి ద్రవ్యం, దేవత, త్యాగం అనే మూడు అంగాలను మీమాంసకులు చెప్పారు. నేయి మండినంత మాత్రాన యాగం కాదు. దేవతను ఉద్దేశించి ద్రవ్యంపై తన స్వత్వాన్ని విడిచినప్పుడే అది యాగం.

ఆ ద్రవ్యం గొప్పదై ఉండనక్కరలేదు. నవగ్రహ సమిధలను చూడండి: సూర్యునికి జిల్లేడు, చంద్రునికి మోదుగ, కుజునికి చండ్ర, బుధునికి ఉత్తరేణి, గురునికి రావి, శుక్రునికి మేడి, శనికి జమ్మి, రాహువుకు గరిక, కేతువుకు దర్భ. అడవి అంచున, చేనిగట్టున దొరికే వాటినే శాస్త్రం దేవతలకు యోగ్యమన్నది. సమిధకు ప్రమాణం జానెడు. దానికై వృక్షాన్ని కూల్చనక్కరలేదు.

మహాక్రతువులోనూ ఇదే తత్త్వం. 2012 ఏప్రిల్, మే మాసాలలో భద్రాచలం చెంతనున్న ఎటపాకలో 12 దినాల అతిరాత్ర సోమయాగం జరిగింది. రాత్రిని అతిక్రమించి సాగేది గనుక దానికి ఆ పేరు. అరణిమథనంతో అగ్నిని పుట్టించి, ఐదు వరుసల ఇటుకలతో శ్యేనాకార చితిని పేర్చి, అంతిమంగా యాగశాలను సైతం అగ్నికి అర్పించడం ఆ క్రతు సంప్రదాయం. ఎంతో శ్రమించి కట్టినదానిని కూడా "నాది" అని నిలుపుకొనరాదని దాని బోధ.

ఈ బోధకు లౌకికమైన ఉపమానం పాల్వంచలోనే ఉన్నది. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని జలం ఇక్కడి థర్మల్ విద్యుత్కేంద్రంలో కలుస్తాయి. బొగ్గు దహించుకొనిపోయేది ఇక్కడ. దీపం వెలిగేది ఎక్కడో, ముఖమైనా ఎరుగని వారి యింట. దహించుకొనిపోయినది దేనినీ తనకై మిగుల్చుకోదు. భగవద్గీత తృతీయాధ్యాయం చెప్పిన యజ్ఞచక్రమూ ఇటువంటిదే: కర్మ వలన యజ్ఞం, యజ్ఞం వలన వర్షం, వర్షం వలన అన్నం, అన్నం వలన ప్రాణికోటి. ఆ చక్రంలో తన వంతు చెల్లింపక భుజించువానిని గీత నిందించింది.

కనుక ఫలవిషయంలో సాధకునికి స్పష్టత అవసరం. హోమం వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. రోగికి ఔషధమూ కావాలి, ప్రార్థనా కావాలి. అప్పుచేసి ఆడంబరంగా చేయించిన హోమం కన్న, శక్తికి తగినట్లు శ్రద్ధతో అర్పించిన కొద్దిపాటి సమిధలు శ్రేయస్కరం. పూర్ణాహుతి నాటి సాయంకాలమే అన్నదమ్ములు గట్టు తగాదాకు దిగితే, అగ్నిలో నేయి పడినది గాని మమకారం పడలేదు. ద్రవ్యయజ్ఞం కన్న జ్ఞానయజ్ఞం శ్రేష్ఠమని గీత చెప్పుటలోని హృదయమిదే.

హోమభస్మాన్ని నుదుట ధరించునపుడు భక్తుడు తన్ను తాను అడుగవలసినది ఒక్కటే: నేడు నేను దేనిని నిజంగా విడిచితిని? ఆ ఉత్తరమే చిత్తశుద్ధికి ప్రమాణం. చిత్తశుద్ధియే హోమానికి పరమఫలం.

స్వస్తి.